పెట్టెలో పట్టని నంబరు

2023 వేసవి. నెల్లూరులో ఒక జిరాక్స్ షాపు మేడ మీద గదిలో వెబ్‌సైట్లు చేసేవాణ్ని. సముద్రం ఒడ్డునున్న మైపాడు నుంచి మేరమ్మ అనే ఆవిడ వచ్చింది. పడవలో తలకు దెబ్బ తగిలినప్పటినుంచి భర్త యేసురత్నానికి మతిమరుపు. ముందురోజు ఇంట్లోంచి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చారు. వాట్సాప్‌లో పంపడానికి ఒక లింకు చేయించుకు రమ్మని చర్చివాళ్ళు ఆవిణ్ణి నా దగ్గరికి పంపారు.

గంటలో ల్యాండింగ్ పేజీ చేసిచ్చాను. అంటే లింకు నొక్కగానే తెరుచుకునే ఒకే ఒక్క పేజీ. పైన ఫొటో, కింద ఆనవాళ్ళు, అడుగున మేరమ్మ ఫోన్ నంబరు. పేజీ రూపాన్ని దిద్దే భాష సీఎస్ఎస్. అందులో మొత్తాన్ని ఒక పెట్టెలో పెట్టి, ఎత్తు ఇంతేనని బిగించి, మించిపోయింది కనబడకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ అని రాశాను. నా ల్యాప్‌టాప్‌లో, నా ఫోన్‌లో ముచ్చటగా కనబడింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మర్నాడు మేరమ్మ ఫోన్ చేసింది. "ఒక్కరు కూడా ఫోన్ చెయ్యలేదన్నా."

"పేజీ బాగానే ఉందమ్మా, ఓపిక పట్టు" అన్నాను, కాస్త విసుగ్గానే.

ఆ మర్నాడు ఆవిడే వచ్చింది. ఆవిడ ఫోన్‌లో పేజీ తెరిచి చూశాను. చూపు ఆనక అక్షరాలు బాగా పెద్దవి చేయించుకుంది. అక్షరాలు పెరిగాయి, పెట్టె పెరగలేదు. అడుగున నంబరు తెగిపోయింది.

"నంబరు కనపళ్ళేదని చెప్పలేదేమమ్మా?"

"చదువుకున్నోరు, మీకు తెలీదా అనుకున్నానన్నా."

హైట్ అన్నచోట మిన్-హైట్ అని మార్చాను. కనీసం ఇంత ఎత్తు, అవసరమైతే పెరగవచ్చు అని దానర్థం. అర నిమిషం పని. పావుగంటలో, చెన్నై దారిలో ఉన్న తడ ఊరి నుంచి ఒక టీకొట్టాయన మేరమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ స్పీకరు పెట్టింది.

"రెండు దినాలు మా బెంచీ మీదే ఉన్నాడమ్మా. పేజీలో ఫొటో చూసి గుర్తుపట్టినా. నాదీ పెద్దక్షరాల ఫోనే, నంబరు యెంత వెతికినా కనపళ్ళా. ఇప్పుడు మళ్ళీ తెరిస్తే కనపడింది. బస్సు ఆగినప్పుడల్లా 'మావోళ్ళు వచ్చినారా' అని అడిగేవాడు. ఈ పొద్దు స్టేషన్లో చెప్దామనుకునే లోపల ఏదో బస్సెక్కి పోయినాడు."

మేరమ్మ ఫోన్ పెట్టేసి లేచింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పటికప్పుడు ఇద్దరం తడ వెళ్ళాం. సాయంత్రందాకా వచ్చేపోయే బస్సుల వాళ్ళందరినీ అడిగాం. యేసురత్నం ఈ రోజుకీ దొరకలేదు.

ఇప్పుడు ఏ పేజీ అప్పగించినా ముందు దాన్ని వాడేవాళ్ళ ఫోన్‌లోనే తెరిపించి, ఏమేం కనబడుతోందో వాళ్ళ నోట చెప్పించుకుంటాను. అంతా బాగుందంటే ఒప్పుకోను. చాలామంది మొహమాటపడతారు, నేను కదలను. మొదటిరోజు మేరమ్మను ఇలా కూర్చోబెట్టి ఒక్కసారి అడిగి ఉంటే యేసురత్నం ఇంటికి వచ్చేవాడు.