తిరిగే చోటు

మొన్న మా మేనకోడలు సైబర్‌జయ దగ్గర కొన్న కొత్త ఫ్లాటు చూపిస్తానని తీసుకెళ్లింది. లిఫ్టులోనే వెళ్లినా మెట్లన్నీ ఎక్కినంత ఆయాసం వచ్చింది. నన్ను బాల్కనీలో నిలబెట్టి, "ఏటత్తా, ముందు ఇక్కడ ఏటీ నేదు కదా లా?" అంది, ఇక్కడి మలాయ్ వాళ్ల అలవాటుగా చివర 'లా' తగిలించి. అవునమ్మా అని ఊరుకున్నాను. ప్రతిదానికీ కాదని చెప్పే ఓపిక ఈ వయసులో ఎక్కడిదో నా ఈడువాళ్లకు వేరే చెప్పాలా.

ఏమీ లేకపోవడమేమిటి, ఆ కిందంతా ఒరాంగ్ అస్లీల ఊరు. మా తాతలు రబ్బరు తోటల్లో లెక్కలు రాసుకోవడానికి ఓడ దిగకముందు నుంచీ, అసలు ఈ మలాయ్ దేశానికి ఈ పేరు రాకముందు నుంచీ ఉన్న మనుషులు వాళ్లు. నేను క్లాంగ్‌లో ఒక వకీలు దగ్గర టైపిస్టుగా చేరిన కొత్తలో, పట్నం పాకుతూ పాకుతూ వాళ్ల గుమ్మం దాకా వచ్చి, ఇళ్ల కాలనీకి నేల కావాలంది. దాంతో వాళ్ల నేల కమిటీ మా ఆఫీసుకు వచ్చింది. కమిటీ అంటే పెద్దగా ఊహించుకోకండి, బాతిన్ అని పిలిచే ఊరిపెద్ద, ఆయన చెల్లెలు, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు, అంతే.

హద్దులు చూసి రమ్మని వకీలు నన్ను పంపాడు. హద్దేదంటే వాళ్లు రాయి చూపించరు. ముత్తాత నాటిన దురియన్ చెట్టు, అమ్మమ్మను పూడ్చిన గుట్ట, చేపలు పట్టే వాగు, ఇలా పొద్దంతా నడిపించి, ఇదంతా మా 'రాయావ్' అనేవాడు బాతిన్. మలాయ్‌లో ఆ మాటకు తిరగడమని అర్థం. వాళ్లకు మాత్రం అది పెద్దలు వేటాడి, ఏరుకుని బతికిన మేరంతా. చెప్పు తెగి, కాళ్లకు జలగలు పట్టి, నేను లోపల తిట్టుకుంటూనే వెనక నడిచాను.

విచారణలో ల్యాండ్ ఆఫీసరు మర్యాదగానే అడిగాడు, ఆ అడవిలో మీరేం చేస్తారని. బాతిన్ నిటారుగా నిలబడి, మేం తిరుగుతాం అన్నాడు. ఆయన లెక్కలో అంతకు మించిన హక్కుమాట లేదు. ఆఫీసరు తలూపాడు. తిరిగేవాళ్లేగాని ఉండేవాళ్లు కారని తేలిపోయింది. మా వకీలు ఎంత మొత్తుకున్నా, చివరికి ఇళ్ల చుట్టూ ఉన్న ముక్క వాళ్లకి, మిగతాది సర్కారుకి. బయటికొచ్చాక బాతిన్, "నేను సరిగ్గానే చెప్పాను కదమ్మా" అని అడిగాడు. సరిగ్గానే చెప్పారన్నాను.

ఇప్పుడు ఆయన కూతురు కమిటీ నడుపుతోంది, మిగిలిన ఆ ముక్కకు పట్టా కోసం ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంది. ఆ మధ్య కనబడితే, నా మొహంలాగే ఆమె మొహం కూడా వాడిపోయి ఉంది. ఎవరడిగినా 'ఉంటాం' అనాలి, 'తిరుగుతాం' అనకూడదని పిల్లలకు నేర్పుతోందట. పిల్లలూ తడబడకుండా అలాగే చెబుతున్నారట. వాళ్లకది అబద్ధమూ కాదు పాపం. ఇల్లు దాటితే కంచె, ఇక వాళ్లెప్పుడు తిరిగారు గనక.