కరగని వెండెల్

అమెరికా నుంచి వచ్చి మా ఊళ్లో ఇల్లు కొనుక్కున్నవాళ్లలో సగం మంది రెండు చలికాలాలకే మూటాముల్లె సర్దుకుంటారు. గ్రీసు అంటే ఎండా సముద్రమే అనుకుని వస్తారు మరి! డోరీన్ మాత్రం ఉండిపోయింది. మొగుడు వెండెల్ పోయాక కూడా ఉండిపోయింది. ఆలివ్ కాయలు రాల్చడానికి మాతోపాటే వచ్చేది. మా భాషని ముక్కలు ముక్కలుగా విరిచి మాట్లాడి, రొట్టెల కొట్టులో అందరినీ నవ్వించేది.

మాలో మనిషి పోతే మర్నాడే మట్టి చేసేస్తాం. వెండెల్ పోయిన రోజు నేను అదే చెప్పాను. డోరీన్ వినలేదు.

"ఓహాయో నుంచి పెయిజ్ రావాలి. కూతురు తండ్రి మొహం చూసుకోవద్దా?" అంది.

ఏథెన్స్ నుంచి మనిషిని పిలిపించి, శవం చెడకుండా ఒంట్లోకి మందు ఎక్కించింది. వాళ్ల దేశంలో అది మామూలేనట. వారం తర్వాత పెయిజ్ దిగింది. తీరా వచ్చి, "నాన్నని అలా చూడలేనమ్మా," అంటూ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, శవపెట్టె మూత తియ్యనివ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా సమాధుల తోటలో చోటు అద్దెకే. మూడేళ్లకి తవ్వి, ఎముకలు వైన్‌తో కడిగి, చిన్న పెట్టెలో పెట్టి, చర్చి వెనక గదిలో ఉంచుతాం. అప్పటికిగాని పోయినవాడు కుదుటపడినట్టు కాదు. ఈ సంగతి విని డోరీన్ మొదట హడలిపోయింది. పోను పోను దాని కోసమే ఎదురుచూసింది. ఎముకలు తుడవడానికి తెల్లగుడ్డ అంచు కుట్టుకుంది, పెట్టె మీద పేరు రాయించింది.

"ఆయన పని సవ్యంగా జరిగిపోతే చాలు స్తమాతా, నాకింకేమీ అక్కర్లేదు," అనేది నాతో.

మూడేళ్లూ నిండిన పొద్దున, గుంటలు తవ్వే అర్గిరిస్ శవపెట్టె మూత ఎత్తి, చటుక్కున వెనక్కి జరిగాడు. "చూడకమ్మా," అన్నాడు డోరీన్‌తో.

చూసింది. వెండెల్ కరగలేదు. సూటు, మొహం, చేతులు అన్నీ ఉన్నాయి, నల్లబడి.

వెనక ఆడవాళ్లు సిలువ గీసుకున్నారు. "ఏం పాపం చేశాడో, మట్టి ముట్టుకోలేదు," అని గొణిగింది వాళ్లలో వాసిలికి అనే ఆవిడ.

"నోర్ముయ్యవే! అది మందు చేసిన పని," అని అరిచాను.

అప్పటిదాకా డోరీన్‌కి ఆ సంగతి తట్టలేదు. నా వైపు తిరిగింది. "అయితే నేనే చేశానా?"

అర్గిరిస్ మూత దించేశాడు.

"మళ్లీ పూడ్చాలమ్మా, ఆ గోడవతల, కరగనివాళ్లని పెట్టే చోట. ఇంకో నాలుగేళ్లు ఆగి చూద్దాం," అన్నాడు అర్గిరిస్, ఆమె మొహం చూడకుండా.

డోరీన్ వైన్ సీసా మూత కూడా తియ్యకుండా వెనక్కి తెచ్చుకుంది. మా వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. పెయిజ్‌కి ఫోన్ చెయ్యనా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

కప్పు పక్కకి జరిపి అంది: "నేను పోతే ఆ మందు వద్దు స్తమాతా. మర్నాడే పూడ్చెయ్యండి. ఎవరి కోసమూ ఆగొద్దు."