పదిహేడో మనిషికి జోడు

నాకు పదమూడేళ్ళు నిండేదాకా అక్షరం ముక్క రాదు. దాచుకోవలసిన సంగతేమీ కాదు. ఉస్మాన్‌గంజ్‌లో మాది బెల్లం దుకాణం. ఇంటికి పెద్దపిల్లను నేను. అమ్మకు ఎప్పుడూ ఒంట్లో బాగుండేది కాదు. నా తర్వాత పుట్టినవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నా చంక మీదే పెరిగారు. బతుకమ్మ రోజుల్లో గల్లీలోని ఆడపిల్లలు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే నేను చంటిదాన్ని ఎత్తుకుని బయట నిలబడేదాన్ని. చప్పట్లు కొట్టాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. నాకు ఎన్నడూ ఉండలేదు.

ఇళ్ళకు వచ్చి ఆడవాళ్ళకు చదువు చెప్పే మిషను టీచరమ్మ ఒకావిడ నాకు ముందు తెలుగు, ఆ తర్వాత ఉర్దూ నేర్పింది. పట్టు పట్టి పరీక్షలు దాటుకుంటూ వచ్చాను. కాలేజీలో చేరేనాటికి ఇరవై రెండేళ్ళు. తోటివాళ్ళకు పదిహేడు, పద్దెనిమిది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్త అది. నాంపల్లి టేషను దగ్గర ఒక సందులో ఆడపిల్లల హాస్టలుండేది, అందులో చేరాను. చేరిన నెలలోనే నిశ్చయించుకున్నాను. చదువు ఎలాగూ చదువుతాను. కానీ ఈ కాలేజీ వదిలేలోగా ఒక్కసారైనా ఆడేవాళ్ళ వరుసలో, లోపల నిలబడాలి.

మొదట ఆబిడ్స్ వెనక ఒక బంగళాకు వెళ్ళాను. అక్కడ మా కాలేజీ పిల్లలే కొందరు గ్రామఫోను పెట్టుకుని, రంగు రిబ్బన్లు చేతబట్టుకుని ఇంగ్లీషు పద్ధతిలో నాట్యం చేసేవాళ్ళు. మంచిపిల్లలే. నన్ను వెళ్ళిపొమ్మనలేదు. గ్రామఫోనుకు కీ ఇచ్చే పని అప్పజెప్పారు. రెండు వారాలు కీ ఇచ్చాను. మూడో వారం అడిగాను, "నేనెప్పుడు ఆడేది?" అని. ఒకమ్మాయి నిజంగానే ఆశ్చర్యపోయి, "మీరు కూడా ఆడుతరా?" అంది. ఆ రోజే మానేశాను.

తర్వాత, విద్యార్థినులకు శాస్త్రీయంగా నాట్యం నేర్పే పంతులుగారొకరు ఉన్నారంటే వెళ్ళాను. ఆయన నన్ను కింది నుంచి పైకి చూసి, "ఇరవై రెండేళ్ళ నడుము వంగదమ్మా" అన్నాడు. నా నడుము పదేళ్ళుగా బావి దగ్గర వంగుతూనే ఉందని చెప్పాను. ఆయన వినలేదు.

ఇక మిగిలింది మా హాస్టలు వాకిట్లోనే ఉంది. ప్రతి శుక్రవారం, అంటే నిజాం రాజ్యంలో మా సెలవు రోజు, పదహారు మంది పిల్లలు అక్కడ కోలాటం వేసేవాళ్ళు. దానికి పెద్ద, మెదక్ వైపు నుంచి వచ్చిన కిరస్తానీ అమ్మాయి. వాళ్ళ ఊరి చర్చి ముందు క్రిస్మస్‌కు ఆడే ఆటను ఇక్కడికి తెచ్చింది. కోలాటంలో ఒక్కో ఆటతీరును కోపు అంటారు. ఆ పిల్లకు ఎన్ని కోపులు వచ్చో, అంత కోపమూ వచ్చేది. పంతొమ్మిదేళ్ళది. నన్ను అక్కా అనేది, అంటూనే అదిలించేది.

"ఏందక్కా, నిలబడి చూస్తున్నవ్? పనుంటే చెప్పు, లేకుంటే జర పక్కకు జరుగు."

"నన్ను చేర్చుకో."

"ఇంతకు ముందు ఆడినవా?"

"లేదు."

"గట్లనే ఉండాలె. ఆడినోళ్ళు నా మాట వినరు." కోలల చివర్లతో ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టింది. "పదహారు. నువ్వొస్తే పదిహేడు. నీ కోల ఎవరికి కొడ్తవ్? గోడకా?"

అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టనే లేదు. కోలాటానికి జోళ్ళు కావాలి. ఎంత నేర్చుకున్నా ఒంటి మనిషికి అందులో చోటు లేదు.

"జోడు తెచ్చుకో అక్కా. తెచ్చుకుంటే ఇద్దరికీ నేర్పుత. కాలేజీ జల్సా నెల రోజులున్నది. వచ్చే శుక్రారం ఇద్దరూ మొదటి కోపు తప్పకుండ ఆడాలె. ఆడకుంటే మేం పదహారు మందిమే పోతం." జల్సా అంటే మా కాలేజీ వార్షికోత్సవం.

హాస్టల్లో అడగనివాళ్ళు లేరు. ఎవరికీ కుదరలేదు. చివరికి క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయిని అడిగాను. ఆమె పాతకాలపు హైదరాబాదీ హిందువుల ఇంటి పిల్ల. తండ్రి సర్కారు కచేరీలో గుమాస్తా. ఇల్లు నాంపల్లిలోనే. తనకు ఇష్టమే, నాన్న ఒప్పుకోవాలి అంది. ఆ సాయంత్రమే వెళ్ళాను. ఆయన కాగితాల మీది నుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"కాలేజీకి పోతున్నది చదువుకుంటానికా, ఎగురుతానికా?"

"రెంటికీ" అన్నాను.

అప్పుడు తల ఎత్తాడు. "మొగోళ్ళు చూస్తరా?"

"హాస్టలు గోడ రెండు నిలువులుంది. దాని మీద కాకులు తప్ప ఎవరూ చూడరు."

ఆయన శుక్రవారం మధ్యాహ్నానికి మాత్రం ఒప్పుకున్నాడు. మిగతా రోజుల్లో కాలేజీ, ఇల్లు, అంతే. మరి నేర్చుకునేదెట్లా? నాకు ఒకటే దారి కనిపించింది. అక్షరాలు ఆలస్యంగా వచ్చినవాళ్ళకు కాగితం మీద మహా నమ్మకం. రాసి పెడితే ఏదైనా వస్తుందనుకుంటాం. మా పెద్ద చూపించిన మొదటి కోపును కాగితం మీద గుర్తులుగా వేశాను. నిలువు గీత అంటే ఎవరి కోలలు వాళ్ళే కొట్టుకోవడం. ఇంటూ గుర్తు అంటే ఎదుటివాళ్ళ కోలకు కొట్టడం. సున్నా అంటే గిర్రున వెనక్కు తిరగడం. గీత, గీత, ఇంటూ, గీత, ఇంటూ, సున్నా. ఏ గుర్తు దేనికో నోటితో చెప్పి, ఆ కాగితం ఆమె పుస్తకంలో పెట్టి పంపాను. వారమంతా ఆమె ఇంట్లో, నేను హాస్టల్లో విడివిడిగా సాధకం చేశాం. రోజూ అడిగేదాన్ని, "వచ్చిందా?" అని. "వచ్చింది, కళ్ళు మూసుకుని ఆడ్త" అనేది.

శుక్రవారం వచ్చింది. పదహారు మందీ చుట్టూ కూర్చున్నారు. మమ్మల్ని మధ్యలో ఎదురెదురుగా నిలబెట్టారు. మా పెద్ద దరువు అందుకుంది. నేను రెండుసార్లు నా కోలలు కొట్టుకుని, మూడో దరువుకు ఎదుటి కోల కోసం చెయ్యి చాచాను. ఎదురుగా మొహం లేదు. జడ ఉంది. నా కోల తిన్నగా ఆమె భుజం మీద పడింది. "అబ్బా!" అంటూ ఆమె ఇటు తిరిగి కొట్టబోయేసరికి, సున్నా వచ్చింది కదా అని నేను వెనక్కు తిరిగాను. నా వీపు మీద పడింది.

పదహారు మందీ పడీ పడీ నవ్వారు. "కోలాటం గాదిది, అత్తాకోడళ్ళ ఆట" అంది ఎవరో. మా పెద్ద మాత్రం నవ్వలేదు.

"అక్కా, మాటంటే మాట. ఈ శుక్రారం అన్న."

మా చేతుల్లోని కోలలు తీసుకుని మెట్ల మీద పెట్టింది. నేను జోడును మెట్ల దాకా లాక్కెళ్ళి కోపంగా అడిగాను. "రాసిచ్చాను కదా, చదవలేవా?"

ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "చదివిన గదా. జూడు." కాగితం విప్పి వేలు పెట్టింది. కుడిచేతి కొస మీద. సున్నా మీద. "గీడికెల్లి మొదలు. ముందు తిరుగుడు. తర్వాత నీ కోలకు కొట్టుడు."

ఆమె ఇంట్లో మాట్లాడేది తెలుగు. చదువంతా ఉర్దూ. తెలుగు అక్షరం ఆమెకు ఒక్కటీ రాదు. కాగితం చేతికిస్తే ఆమె కళ్ళు కుడివైపు నుంచే బయలుదేరతాయి. తప్పు ఆమెది కాదు. ఆమె పక్కన కూర్చుని రోజూ కుడి నుంచి ఎడమకు పాఠం రాసుకునే నాకు ఆ మాత్రం తట్టకపోవడం నా తెలివితక్కువ.

కాగితం పట్టుకుని మా పెద్ద దగ్గరికి వెళ్ళాను. బతిమాలడం నాకు చేతకాదు. "తప్పు నాది. ఈ పిల్ల రాసినది రాసినట్టే ఆడింది, చూడు. ఒక్కటి తప్పలేదు. ఇంకో వారం ఇయ్యి" అన్నాను.

ఆమె కాగితాన్ని ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి చూసింది. పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది.

"ఔ, ఉల్టా కోపును గూడ తప్పకుండ ఆడింది. గట్టి పిల్లనే. ఒక్క వారం. గానీ కాగితం ముట్టద్దు. కాళ్ళకు చదువొస్తదా అక్కా?"

కాగితం చించేశాను. రోజూ పొద్దున హాస్టలు ఆయా వెంట ఇద్దరం నాంపల్లి నుంచి ఆబిడ్స్ మీదుగా కాలేజీకి నడిచేవాళ్ళం. ఆ దారినే మా వాకిలి చేసుకున్నాం. గీతలూ సున్నాలూ పోయి మాటలు వచ్చాయి. "నాది, నాది, నీది. నాది, నీది, మళ్ళు." నా కోల, నా కోల, నీ కోల, అదీ అర్థం. మళ్ళు అంటే వెనక్కు తిరుగు. నడకకు దరువు కలిసింది. చేతుల్లో పెన్సిళ్ళు. మొదటి రోజు సిగ్గుతో గొణిగాం. మూడో రోజుకు గొంతు లేచింది. ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాల ముందు ఒక టాంగావాలా బండి నెమ్మది చేసి మరీ అన్నాడు.

"అమ్మా, పంపకాలు ఇంట్ల కూసొని చేసుకోండ్రి. బజార్లెందుకు?"

"మాది తెగేది గాదు తాతా, నువ్వు పో" అంది మా ఆయా.

మళ్ళీ శుక్రవారం. మధ్యలో నిలబెట్టలేదు ఈసారి. మా పెద్ద పదహారు మందినీ లేపి వలయం కట్టించి, ఒక చోట సందు విడిచింది. కోలతో ఆ సందును చూపించింది. నేను బయటి వరుసలో, నా జోడు లోపలి వరుసలో నిలబడ్డాం. దరువు మొదలైంది. నాది, నాది, నీది. కోల కోలకే తగిలింది. చెక్క మీద చెక్క పడిన చప్పుడు నా మోచేతి దాకా పాకింది.

ఒక కోపు పూర్తయిందో లేదో, మా పెద్ద అరిచింది. "జోడు మారు!"

ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. లోపలి వరుస ఒక్క అడుగు పక్కకు జరిగింది. నా జోడు వెళ్ళిపోయింది. ఆమె చోట్లోకి ఇంకెవరో అమ్మాయి వచ్చి నిలబడింది. నేను నేర్చుకున్నదంతా ఆమె చేతుల కోసం. కానీ నోరు ఆగలేదు. నాది, నాది, నీది. ఆ 'నీది'కి కోల సిద్ధంగా ఉంది. మళ్ళీ మారారు. ఇంకొకరి కోల. గ్రామఫోనుకు కీ ఇచ్చినన్నాళ్ళూ నాకు తెలియనిది అప్పుడు తెలిసింది. వరుసలో నిలబడ్డాక ఎదురుగా ఎవరొచ్చినా జోడే.

మొత్తం తొమ్మిది జోళ్ళం, అట్లా తొమ్మిది మార్పులు. తొమ్మిదోసారి నా ముందుకు జరిగింది నా మొదటి జోడు. చెమటలు కారుతున్నాయి, జడ ఊడింది. మొహం మాత్రం నా వైపే ఉంది. నాకు నవ్వు ఆగలేదు.

"అక్కా, పండ్లు తర్వాత చూపియ్యి! కోపు తప్పుతవ్!" అని కేకేసింది మా పెద్ద.

తప్పలేదు.