ఒకవేళ సారు, రెండు కార్లు

ఎల్లారెడ్డి ఊళ్లో ఉండే అబ్రాహాము సారుకు ఉన్న గుణం ఒక్కటే: భయం. మనుషులన్నాక అందరికీ భయాలుంటాయి. ఒకరికి పామంటే, ఇంకొకరికి పెళ్లామంటే, ఇట్లా వాటాలు వేసుకుని ఉంటాయి. సారు మాత్రం ఎవరి వాటా వాళ్లకు వదలకుండా అన్నీ తానే నెత్తిన వేసుకున్నాడు. కరెంటు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి, ఇంట్లో ఫ్యాను స్విచ్చి వేయాలంటే రబ్బరు చెప్పులు తొడుక్కునేవాడు. కుక్కర్ మూడో కూత కూసేసరికి వాకిట్లో ఉండేవాడు. లిఫ్టు తానెట్లాగూ ఎక్కడు. వేరేవాళ్లు ఎక్కితే, క్షేమంగా పైకి చేరామని ఫోన్ చేసేదాకా కింద నిలబడి పైకి చూస్తుండేవాడు.

ఆయన నోట ఏ మాటైనా "ఒకవేళ"తోనే మొదలయ్యేది. మబ్బు పడితే, "ఒకవేళ పిడుగు పడితే?" మబ్బు తేలిపోతే, "ఒకవేళ ఈ ఏడు వానలే పడకపోతే?" ఎవరో పెళ్లిపత్రిక ఇవ్వడానికి వస్తే, "ఒకవేళ పిల్లగాడు పీటల మీదికెల్లి లేసిపోతే?" అని అడిగాడు. వాళ్లు ఇచ్చిన పత్రిక వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు. వాడకట్టంతా ఆయన్ను ఒకవేళ సారు అనేది. ఆ పేరంటే ఆయనకు కోపం లేదు. "ఒకవేళ అందరు నా అసలు పేరు మర్సిపోతే?" అని మాత్రం రెండు రోజులు దిగులుపడ్డాడు.

బిడ్డ కృపారాణి కామారెడ్డిలో పండ్ల డాక్టరు. కన్నబిడ్డ ముందు కూడా సారు ఏనాడూ నోరు పూర్తిగా తెరవలేదు. ఆమె దవాఖాన నుంచి ఇంటికొచ్చాక, చేతిలో పనిముట్లేవీ లేవని నమ్మకం కుదిరేదాకా పెదాలు కదపకుండా మాట్లాడేవాడు.

అట్లాంటి ఇంట్లో కృప కారు కొంటానంది.

రోజూ బస్సులో పోయి రావడం ఆమెకు విసుగొచ్చింది. రెండు బండ్లు చూసిపెట్టుకుంది. ఒకటి కొత్త డీజిల్ బండి. తెల్లగా, పొడుగ్గా, బుద్ధిమంతురాలిలా ఉంటుంది. రెండోది నల్లటి విదేశీ బండి. హైదరాబాద్‌లో ఎవరో కాంట్రాక్టరు కొన్నేళ్లు తిప్పి వదిలించుకున్నాడు. చూడటానికి రాజుగారి రథం, లోపల రేసు ఇంజను. పాతది కాబట్టి ధర కొత్త డీజిల్ బండితో సమానంగా దిగింది. కృప మనసు నల్లదాని మీదే పడింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు గానీ, ఫోన్‌లో దాని బొమ్మ చూసుకుంటూ కూర కలుపుకోకుండానే ఉత్త అన్నం తినేస్తుంటే తల్లి ఎస్తేర్‌కు అర్థమైపోయింది.

"బాపును తోలుకపో," అంది ఎస్తేర్.

"బాపునా? ఆయనొస్తే సైకిల్ గూడ కొననియ్యడు."

"ఇంట్ల ఉంటే దినమంత నా ముంగట కూసోని భయపడ్తడు. నీ ముంగట పడనియ్యి. నాకు జర పని ఉన్నది."

కామారెడ్డి షోరూములో సిద్దార్థ అనే సేల్స్‌మన్ ఎదురొచ్చి తెల్లబండి చూపించాడు. మెడలో టై, ముఖాన నవ్వు, రెండూ బిగుతుగా ఉన్నాయి.

"సార్, ఈ బండిల ఆరు ఎయిర్‌బ్యాగులున్నయి."

"ఆరెందుకు? గన్నిసార్లు గుద్దుకుంటదా?"

"కాదు సార్, సేఫ్టీకి."

"ఒకవేళ ఊకెనే పేలితే?"

"పేలయి సార్."

"ఒకవేళ పేలాల్సినప్పుడు గూడ పేలకపోతే?"

సిద్దార్థ టై వదులు చేసుకున్నాడు. నవ్వు అదే వదులైంది.

తర్వాత సారు చేసిన పనికి కృపకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆయన ఒక చేయి నడుముకు పెట్టుకుని, "అవ్వా, అయ్యా" అని మూలుగుతూ వెనక సీటెక్కాడు. దిగాడు. మళ్లీ మూలుగుతూ ఎక్కాడు. ఆ తర్వాత చెప్పులు విడిచి సీటు మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు చాపి, కళ్లు మూసుకున్నాడు.

"బిడ్డా, తలుపెయ్యి."

"బాపు, అందరు చూస్తున్నరు!"

"చూడనియ్యి. ఎయ్యి."

"సార్‌కు పానం బాగలేదా మేడం?" అన్నాడు సిద్దార్థ గొంతు తగ్గించి.

"బాగనే ఉన్నది," అంది కృప పళ్లు బిగించి. "గిదే ఆయన పానం."

సిద్దార్థకు ఓపిక తీరిపోయింది. అద్దంలోంచి తొంగిచూస్తూ, "సార్, ఇది కారు. అంబులెన్సు కాదు," అన్నాడు.

సారు కళ్లు తెరవకుండానే అడిగాడు: "ఒకవేళ కావాల్సొస్తే?"

నల్లబండి ఊరి చివర సెకండ్‌హ్యాండ్ కార్ల అడ్డాలో ఉంది. అమ్మే మనిషి పేరు సీతారాం. బండి స్టార్ట్ చేశాడు. అది గురకపెట్టింది. సారు కృప వెనక దాక్కున్నాడు.

"మేడం, సున్నా నుంచి నూరు స్పీడు, అయిదు సెకండ్లల్ల!"

"మల్ల నూరు నుంచి సున్నాకు?" అన్నాడు సారు.

సీతారాం తడబడ్డాడు. "గది ఇప్పటిదాంక ఎవ్వరు అడుగలే సార్."

"అడిగెటోళ్లు మిగిలిండ్రా మరి?"

కృప సీతారాంను పక్కన కూర్చోబెట్టుకుని బండిని హైవే మీదికి తీసింది. సారు వెనక కూర్చుని పైన పిడి రెండు చేతులా పట్టుకుని, దేవుడికి తమ ముగ్గురి పేర్లూ, బండి నంబరూ విడమర్చి చెప్పుకుంటున్నాడు. కృప కాలు పెడల్‌ను తాకించింది, అంతే. ఎక్కడో చీమంత కనబడుతున్న లారీ ఒక్కసారిగా గోడలాగా అద్దం నిండా వచ్చేసింది. బ్రేకు పడింది. బండి ఆగింది గానీ కృప గుండె ఇంకా కొంతదూరం ముందుకు పోయి వచ్చింది. భయం తమ ఇంట్లో బాపు ఒక్కడి సొత్తనుకుంది ఆమె అప్పటిదాకా. వెనక అద్దంలో చూస్తే సారు కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. చూడలేదు, బతికిపోయాననుకుంది.

"మస్తుగున్నది," అంది దిగి.

సీతారాం పాతకాపు. "ఇంటికి తీసుకపోండ్రి మేడం. సోమారం తెచ్చియ్యుండ్రి. ఇంటి ముంగట రెండు దినాలు నిలబడితే మల్ల ఇయ్యబుద్ధి కాదు."

ఆదివారం పొద్దున అందరూ చర్చికి తయారవుతున్నారు. నల్లబండి ముందు సారు దూరంగా నిలబడి, అది కరవదు కదా అన్నట్టు చూస్తున్నాడు. అప్పుడే పక్కింట్లోంచి కేక వినిపించింది.

పక్కింటి వినోదకు నెలలు నిండాయి. మొగుడు పర్శరాములు మస్కట్‌లో ఉన్నాడు. అత్త హన్మవ్వ పెండ్లికని మద్నూర్ పోయింది. కాన్పుకు ఇంకా పది దినాలుందని నమ్మి పోయింది పాపం. ఎస్తేర్ ఉరికింది. వెనకే ఊరి దవాఖాన నర్సమ్మ వచ్చి చూసి, "బిడ్డ అడ్డం తిరిగింది. కామారెడ్డి పెద్ద దవాఖానకు తీసుకపోండ్రి, జల్ది," అంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే వేరే ఊరికి పోయిందనీ, వచ్చేసరికి ఆలస్యమవుతుందనీ తెలిసింది.

అందరూ కృప వైపు చూశారు.

"నేను పండ్ల డాక్టర్ని!" అంది కృప.

"ఏదో ఒక డాక్టరువే గదక్కా," అంది వినోద నొప్పుల మధ్య.

నల్లబండి వెనక సీటు దొరల దర్జాకు చేసినది. ఇద్దరు కూర్చోవడానికి రెండు గుంతలు, మధ్యలో ఒక గట్టు. వినోదను కుర్చీ వేసి ఎక్కించాల్సి వచ్చింది. పడుకోబెడితే గట్టు నడుములో పొడిచింది, కాళ్లు మడవాల్సి వచ్చింది. ఎస్తేర్ ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. సారు ముందు సీట్లో కూర్చున్నాడు. జన్మలో ఆయన కారు ముందు సీట్లో కూర్చోవడం అదే మొదలు.

కృప స్టీరింగు పట్టుకుంది. నిన్నటి లారీ కళ్లముందే ఉంది. ఊరు దాటగానే కంగారులో కాలు గట్టిగా పడింది. బండి ఎగిరి దూకింది, గుంతలో పడింది, వినోద కేక పెట్టింది, కృప కాలు వెనక్కి తీసింది. ఇప్పుడు బాపు మొదలుపెడతాడు, ఒకవేళ అది, ఒకవేళ ఇది అని. తాను బండి ఆపేసి ఏడుస్తుంది. అదీ ఆమె భయం.

"బిడ్డా," అన్నాడు సారు. "నిమ్మలంగ పో. ఏం గాదు."

ఆ గొంతు ఎవరిదోనని కృప తిరిగి చూసింది. బాపుదే. ఆ నోట "ఏం గాదు" అనే మాట ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"ముంగట గుంత ఉన్నది, ఎడమకు. ఆఁ, గట్ల. వినోదా, నీకో సంగతి చెప్పనా? కిందటేడు నేను బల్లికి భయపడి దర్వాజ పెట్టుకున్న. బయటికెల్లి గొళ్లెం పెట్టిన. బల్లి లోపట, ఎస్తేర్ గూడ లోపటనే."

"గంటసేపు!" అంది ఎస్తేర్ వెనకనుంచి. ఆ కోపం ఇంకా పచ్చిగానే ఉంది.

అంత నొప్పిలోనూ వినోద నవ్వింది. సారు తన భయాలన్నీ ఒక్కొక్కటే తీసి చెబుతూ పోయాడు. కుక్కర్ది, లిఫ్టుది, పెళ్లిపత్రికది. నొప్పి వస్తే ఆగేవాడు. తగ్గగానే, "ఎక్కడున్నం?" అని అందుకునేవాడు. సరుకు బోలెడంత ఉంది, రోడ్డే చాలలేదు.

తాడ్వాయి దగ్గర స్టీరింగు ముందున్న మీటర్ల అద్దంలో పసుపు దీపం ఒకటి వెలిగింది. కింద ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక. కృప చూపు రోడ్డు వదిలి దాని మీదికి పోయింది. బండి ఇక్కడ ఆగిపోతే ఇక దిక్కులేదు. ఆమె నోరు తెరిచేలోపు సారు జేబులోంచి చేతి రుమాలు తీసి, నీటుగా మడత విప్పి, ఆ దీపం మీద కప్పాడు.

"ఎండ కొడుతున్నది," అన్నాడు. ఆకాశం నిండా మబ్బులున్నాయి.

కృప ఓరగా చూసింది. రుమాలు కప్పి వచ్చిన చేయి మోకాలి మీద టకటకా కొట్టుకుంటోంది. రెండో చేయి దాన్ని ఆపుదామని పట్టుకుంటే అదీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. మాట మాత్రం తొణకలేదు. "ఎక్కడున్నం? ఆఁ, కోతి సంగతి..."

కామారెడ్డి దవాఖానలో వినోదను లోపలికి తీసుకుపోయారు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. ఆ మాట వినగానే సారు వరండాలో బెంచీ మీద చతికిలబడ్డాడు.

"బాపు, నీకు భయం కాలేదా?" అంది కృప పక్కన కూర్చుని.

"ఎందుకు కాలే? మూడుసార్లు సచ్చిన. పోరి బెదురుతదని చెప్పలే."

కృపకు అప్పుడు ఒక్కసారిగా తట్టింది. "బాపు, షోరూముల నువ్వు మూలుక్కుంట ఎక్కి పండుకున్నది..."

"వినోద కోసమే. మొగడు దగ్గర లేడాయె. నాకు నెల సంది నిద్రలేదు. నువ్వు ఏ కారు కొన్నా, ఆ పిల్ల అండ్ల పండుకొని పోవాల్సొస్తదేమోనని." సారు కొంచెం సిగ్గుపడ్డాడు. "నాకు భయపడుడు ఎట్లయిన తప్పది బిడ్డా. ఊకె భయపడే బదులు ఎవలకన్న అక్కరకొచ్చేటట్టు పడ్తే ఏంబోతది?"

సోమవారం నల్లబండిని తిరిగి ఇచ్చేశారు. పసుపు దీపం సంగతి అడిగితే, "గది ఊకెనే ఎలుగుతది సార్, అలవాటయితది," అన్నాడు సీతారాం. కృప అటునుంచి అటే షోరూముకు పోయి కొత్త డీజిల్ బండిని ఖాయం చేసింది. ఒక్క క్షణం మాత్రం వెనక్కి తిరిగి నల్లదాన్ని చూసుకుంది. అంత అందగత్తెను వదిలి రావడం ఎవరికైనా కష్టమే.

తెల్లబండి ఇంటికొచ్చిన సాయంత్రం వాడకట్టు వాళ్లు చూడటానికి వచ్చారు. ముందుగా సాలవ్వ వచ్చి బండి తలుపు నిమిరి, "మంచిగున్నది బిడ్డా. నాకు ఎనక సీటు చాలు," అంది. కృప నవ్వి ఊరుకుంది. ముసలావిడ ముచ్చట అనుకుంది.

తర్వాత వీధి చివరి మైసన్న వచ్చాడు. బండిని చూడనైనా చూడలేదు.

"డాక్టరమ్మా, బేస్తారం నా కండ్ల ఆపరేషన్. పొద్దుగాల ఆరింటికి తయారుంట."

"నాకెందుకు చెప్తున్నవ్ పెద్దబాపు?"

"సారు చెప్పలేదా? వాడకట్టుకు బండొస్తున్నది, ఎవలకు పానం బాగలేకపోయిన మొగమాటపడొద్దు, డ్రైవర్ గూడ ఇంట్లనే ఉన్నదని ఇల్లిల్లు తిరిగి చెప్పిండు. బండి కొనకముందే చెప్పిండు."

కృప తండ్రి కోసం చుట్టూ చూసింది. సారు బండికి అవతల వంగి, ఒక్క మట్టి చుక్క కూడా అంటని కొత్త టైరును శ్రద్ధగా తుడుస్తున్నాడు. లేచే ఉద్దేశం లేనట్టుంది.

ఆమెకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. దాన్ని ఆపుకుంటూ మైసన్న వైపు తిరిగింది.

"ఆరింటికి కాదు పెద్దబాపు, ఆరున్నరకు. డ్రైవర్ చాయ్ తాగాలె."