పటం మడతలో ఇల్లు

మ్యూజియం రెండో అంతస్తు చివరి గదిలో ఒక ఊరుంది. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. నది, దాని మీద వంతెన, రేవు, గోదాములు, నాలుగు వేల పైచిలుకు ఇళ్ళు. అన్నీ చెక్కవే. వంతెన తెరిచిన ఏడాది ఊరు ఎలా ఉండేదో అలా చెయ్యమన్నారు కాబట్టి, ఆ తర్వాత కట్టినదేదీ అందులో లేదు. వచ్చినవాళ్ళు అద్దాల పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, తమ ఇల్లెక్కడో వెతుక్కుని, దొరక్క కింది అంతస్తుకి దిగిపోతారు.

ఆ ఊరు కట్టినాయన్ని అందరూ మేస్త్రి అంటారు. చదువు ఆరో తరగతితో సరి. తలుపులు చేసే దుకాణంలో చేరి రంపం పట్టాడు. కొలతలు కుదించడం, పటం చదవడం ఎవరూ నేర్పలేదు, తప్పు చేసీ చేసీ పట్టుబడ్డాయి. ఊరు కట్టడానికి నాలుగేళ్ళు పట్టింది. అది పూర్తయి ఇరవై ఆరేళ్ళు. ఉద్యోగం అయిపోయినా, నెలకోసారి మ్యూజియం సెలవురోజున పిలిపిస్తారు, దుమ్ము దులపడానికి. అద్దం ఎత్తించి, ఊరికి అడ్డంగా పలక వేసుకుని, దాని మీద బోర్లా పడుకుని, మెత్తని కుంచెతో వీధి వీధీ ఊడుస్తాడు. ఆ పని ఇంకొకరి చేతికివ్వడు.

"ఏం మేస్త్రీ, ఊడ్చేశావా ఊరంతా?" అంటాడు గుమ్మం దగ్గర కాపలా అతను. "మా పేటకి కూడా రారాదూ? చెత్త తీసేవాడు మొహం చూపించి పది రోజులైంది."

"మీ పేట అద్దంలో పెట్టించు, వస్తాను."

నెల మొత్తంలో మేస్త్రి నోరు తెరిచి నవ్వేది ఆ రోజే. ఇంట్లో మాటకి పని లేదు. భార్య పోయి ఏడేళ్ళు. ఒక కంచం, ఒక గ్లాసు, కడిగి బోర్లించడానికి రెండు నిమిషాలు. రేడియో పెడితే వాళ్ళే మాట్లాడుకుంటారు, ఈయన్ని ఏమీ అడగరు.

ఊడ్వడం అయ్యాక ఆఖరున ఒక వీధి మిగుల్చుకుంటాడు. రేవు వెనక, బాణంలా తిన్నగా మూరెడు పొడవున్న వీధి. కొస నుంచి మూడో ఇంటి మీద భూతద్దం పెడతాడు. మేడ మీద, బియ్యపు గింజలో సగం ఉంటుంది, ఒక ఆడమనిషి. తీగ మీద బట్ట ఆరేస్తోంది. నీలం బట్ట.

ఊళ్ళో మనుషుల్ని పెట్టకూడదని అప్పటి అధికారి నియమం. మనుషులుంటే బొమ్మల కొలువనుకుంటారని ఆయన భయం. ఆ నియమం మేస్త్రి ఒక్కచోటే తప్పాడు. ఆ ఊరంతటికీ మనిషి ఆమె ఒక్కతే.

ఆమె అతని భార్య. చొక్కాలకి బొత్తాలు కుట్టే పనిలో ఉండేది. మధ్యాహ్నం గిన్నె పట్టుకుని వచ్చి, అతను తినేదాకా ఊరు చూస్తూ కూర్చునేది.

"ఇంత ఊరు కట్టారు, ఒక్క మనిషైనా లేడు. దొంగలు పడితే ఎవరు అరుస్తారండీ?"

"ఎత్తుకుపోడానికి ఏముంది లోపల? గట్టి చెక్క. గుల్ల కూడా కాదు."

ఒకసారి గోదాముల వరస మొత్తం పీకి మళ్ళీ చేశాడు, కప్పు వాలు కాస్త ఎక్కువైందని. అప్పుడూ ఆమె పక్కనే ఉంది.

"నలుసంత తేడా. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

"మీతో వేగడం కంటే బొత్తాలతో వేగడం నయం."

ఊరు తెరిచిన రోజు ఆమె చేతికి భూతద్దం ఇచ్చి ఆ మూడో ఇల్లు చూపించాడు. చూసింది. కళ్ళు తుడుచుకుంది. వెంటనే తగువు పెట్టుకుంది. "నన్నొక్కదాన్నే మేడెక్కించారేంటి? మీరేరీ?"

"నేను లోపలున్నాను. ఎండగా ఉందని."

ఇంతకీ ఆ వీధి సంగతి. ఊరు కట్టడానికి ఆధారం ఒక పాత సర్వే పటం. దాన్ని ఎన్నేళ్ళో మడిచి ఉంచారు. ఒక మడత పొడుగునా చెద తినేసింది. వేలెడు వెడల్పు చీలిక, అందులో ఏముండేదో ఎవరికీ తెలియదు. "ఖాళీగా వదిలితే జనం అడుగుతారు, ఏదో ఒకటి పెట్టెయ్" అన్నాడు అధికారి. ఆ చీలిక పడ్డ చోట ఇప్పుడున్నది మేస్త్రి ఉండే వీధే. ఇళ్ళు పాతగానే కనిపిస్తాయి, అప్పుడూ ఉండే ఉంటాయనుకున్నాడు. ముప్పై ఇళ్ళు చేసి అతికించాడు, కొస నుంచి మూడోది తన ఇల్లు. అతని పనిలో కొలవకుండా కట్టినవి ఆ ముప్పయ్యే.

ఈమధ్య మ్యూజియానికి కొత్త అధికారిణి వచ్చింది. చిన్న వయసు, పెద్ద చేతిసంచి, మాటకి ముందు నడక. మొన్న మేస్త్రిని పిలిపించి గోడకి ఆనించిన నిలువెత్తు ఫోటో చూపించింది.

"వంతెన తెరిచిన రోజు గోపురం మీంచి తీశారట, మేస్త్రిగారూ. తీసినాయన వాళ్ళింట్లో అటక మీద గాజుపలకల పెట్టెలో దొరికింది. మీ ఊరి పక్కనే పెడదాం. జనం అదీ ఇదీ పోల్చి చూసుకుంటారు. దీనికో చెక్క చట్రం, స్టాండు కావాలి. వచ్చే వారమే ప్రదర్శన."

మేస్త్రి టేపు తీసి కొలవడం మొదలుపెట్టాడు. ఎత్తు రాసుకున్నాడు. వెడల్పు రాసుకోబోతూ ఆగాడు.

రేవు ఉంది. గోదాములు ఉన్నాయి, కప్పు వాలు సరిగ్గానే ఉంది. వాటి వెనక ఇళ్ళు లేవు. పొడవాటి ఖాళీ ఆవరణ, బాణంలా తిన్నగా. వరసగా దువ్వెన పళ్ళలాంటి గుంజలు, వాటి మీద సాగదీసిన మోకులు. మధ్యలో మసకగా ఒక మనిషి, వెనక్కి నడుస్తున్నట్టున్నాడు. ఒక కొసన చిన్న పందిరి కింద ఒక చక్రం. దానికి నాలుగు కొక్కేలు.

మేస్త్రి టేపు అక్కడే వదిలి కింది అంతస్తుకి దిగాడు. పనిముట్ల గదిలో, కిటికీ పక్క పెట్టెలో అదే చక్రం ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట అతని వీధిలో మురుగు కాలవ తవ్వుతుంటే బయటపడింది. ఆ పెట్టె చేసింది అతనే. కింద కాగితం మీద ఇంకా అదే అక్షరాలు: 'ఇనప చక్రం, నాలుగు కొక్కేలు. వాడకం తెలియలేదు.'

తాళ్ళు పేనే చక్రం. తన వీధి ఎక్కడా వంకర లేకుండా ఏడు వందల అడుగుల మేర ఎందుకు సాగుతుందో, ముప్పై ఏళ్ళుగా రోజూ నడుస్తూ ఒక్కనాడూ అడగలేదు. చుట్టుపక్కల సందులన్నీ పాముల్లా తిరుగుతాయి. మోకు పేనేవాడు పేనుతూ వెనక్కి నడవాలి, అందుకు పొడవాటి తిన్నటి నేల కావాలి.

ఈ సంగతి ఇంకెవరికీ కనపడలేదు. కనపడదు కూడా. ఫోటోలో వేలెడు జాగా, ఊళ్ళో మూరెడు జాగా. ఊరుకుంటే ప్రదర్శన అయిపోతుంది. భార్య ఆ మేడ మీదే ఉంటుంది, నెలకోసారి అతను వెళ్తాడు. చెబితే, ముప్పై ఇళ్ళూ పీకాలి.

చట్రం నాలుగు రోజుల పని. మొదటి రోజే మూల కలవలేదు. విప్పి మళ్ళీ కోశాడు, మళ్ళీ కలవలేదు. వెంట్రుక వాసి సందు. కాస్త లప్పం పెడితే ఎవరూ చూడరు. లప్పం డబ్బా మూత తీసి, దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మూత బిగించి, చేతులు కడుక్కుని, అధికారిణి గదికి వెళ్ళాడు.

అంతా చెప్పాడు. మడత సంగతి, చక్రం సంగతి. మేడ సంగతి తప్ప.

ఆమె ఫోటో దగ్గరికి పరుగెత్తింది, కిందికి పరుగెత్తింది, రొప్పుకుంటూ తిరిగొచ్చింది. "మేస్త్రిగారూ! ఇన్నేళ్ళుగా వాడకం తెలియలేదని రాసి కూర్చున్నాం!" తర్వాత నెమ్మదించింది. "ఇళ్ళ మాటంటారా, ఉండనివ్వండి. కింద చిన్న కాగితం పెడదాం, ఈ భాగం ఊహ అని. ఈ వయసులో మిమ్మల్ని మళ్ళీ పలక మీద పడుకోబెట్టాలా?"

అదీ ఒక దారే. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"ఒప్పుని తెచ్చి పక్కనే నిలబెడుతున్నారమ్మా. తెలిసీ తప్పుని ఉంచితే మిగిలిన నాలుగు వేల ఇళ్ళనీ ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను."

మర్నాడు అద్దం ఎత్తారు. మేస్త్రి పలక మీద పడుకుని, సన్నటి ముక్కున్న కెటిల్‌తో ఆవిరి పడుతూ జిగురు కరిగించాడు. ఒక్కో ఇల్లూ తీసి ట్రేలో పెట్టాడు. మూడోది ఆఖరుకి మిగిల్చాడు. దానికి ఆవిరి దూరం నుంచి పట్టాడు, మేడ మీద బట్టగా పెట్టిన నీలం దారం తడవకుండా. మామూలుగా రెండు నిమిషాల పని, పావుగంట పట్టింది.

అధికారిణి ట్రే మీదికి వంగింది. "ఆగండాగండి. దీని మీద ఎవరో ఉన్నారు!" భూతద్దం అందుకుంది. "ఎవరండీ ఈవిడ?"

"మా ఆవిడ."

ఆమె భూతద్దం దించింది. "తీసుకెళ్ళిపోండి మేస్త్రిగారూ," అంది. "నేను చూడలేదనుకుంటాను."

తీసుకెళ్తే ఎక్కడ పెడతాడు? గ్లాసు పక్కనా, రేడియో మీదా? తను పోయిన మర్నాడు ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు చెక్క ముక్క అని ఊడ్చేస్తారు.

"ఇక్కడ తీసిందేదైనా రిజిస్టర్లో ఎక్కాలి కదమ్మా. నంబరు వెయ్యండి. సొరుగులో ఉంటుంది."

ఆమె రిజిస్టరు తెచ్చింది. నంబరు వేసింది. వస్తువు: ఇల్లు, నమూనా. దేనితో చేసింది: చెక్క, రాగి తీగ, దారం. తీసిన కారణం: ఆ కాలానికి చెందనిది. వివరాల గడి దగ్గర కలం ఆపి తలెత్తింది.

"మేడ మీద ఒక మనిషి," అన్నాడు మేస్త్రి.

రాసింది.

"లోపల ఒక మనిషి."

"లోపలా? ఇవన్నీ గట్టి చెక్కేగా?"

"చేసినవాణ్ణి చెబుతున్నాను. రాయండి."

ఆమె అతని మొహం చూసింది. రాసింది.

కింది గిడ్డంగిలో సొరుగు బిగుసుకుపోయి ఉంది. మేస్త్రి దాన్ని పూర్తిగా బయటికి లాగి, అంచులకి రెండు వైపులా కొవ్వొత్తి రుద్దాడు. తోసి చూశాడు, లాగి చూశాడు, మళ్ళీ రుద్దాడు. ఇల్లు దూది మీద పెట్టి, మేడ పైకి ఉండేలా సర్ది, మెల్లగా తోశాడు. చప్పుడు కాలేదు.

తర్వాత పై అంతస్తుకి వెళ్ళాడు. మూరెడు ఖాళీ జాగా ఉంది. గుంజలు కొయ్యాలి, ఎన్నున్నాయో ఫోటోలో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.