మూడో బ్యాండు

ప్రయోగశాలలో గాజు పని చేసే గాజాయన పనికి కూర్చోగానే మూడు రబ్బరు బ్యాండ్లు ఎడమ మణికట్టుకు తొడుక్కుంటాడు. గాజు బుడ్డిలో ద్రవం పోసి, గడ్డకట్టించి, పంపుతో గాలి లాగేసి, మళ్లీ కరిగిస్తాడు. అలా ఒకసారి అయితే ఒక బ్యాండు కుడిచేతికి మారుతుంది. మూడూ మారాకే బుడ్డి మెడను మంటలో కరిగించి మూసేస్తాడు. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. ఆయనకు తన జ్ఞాపకం మీద నమ్మకం లేదు. బ్యాండ్ల మీద ఉంది.

నెలాఖరుకు ఉద్యోగం అయిపోతుంది. వీడ్కోలు సభలో ప్రయోగశాల పెద్దసారు ఏమంటాడో అందరికీ తెలిసిందే: ఈయన మూసిన బుడ్డి ఒక్కటీ వెనక్కి రాలేదని.

ఆ రోజు మూసిన బుడ్డి, అక్కడ పరిశోధన చేసే అమ్మాయిది. ఆమె ఆరేళ్ల చదువు ఆ ద్రవం మీదే ఉంది. యంత్రం అందులోకి మ్యూయాన్లను పంపుతుంది. కంటిరెప్ప పడేలోపు వేలసార్లు పుట్టి చచ్చేంత అల్పాయుష్షు కణాలవి. ఒక్కొక్కటి ఒక అణువుకు అంటుకుని, దాన్ని జతలేని ఎలక్ట్రాన్ ఉన్న రాడికల్‌గా మారుస్తుంది. మ్యూయాన్లన్నీ ఒకే దిక్కు చూస్తూ బొంగరాల్లా వస్తాయి. అణువు దొర్లే తీరును బట్టి ఆ దిక్కు చెదిరిపోతుంది. ఎంత వేగంగా చెదిరిందో చూసి అణువు కదలిక చెప్పాలి. అయితే గాలిలోని ఆక్సిజన్ బుడ్డిలో పిసరంత మిగిలినా బొంగరాలను అదే చెదరగొడుతుంది. తెర మీద యంత్రం గీసే గీత చూసి, చెదరగొట్టింది అణువో ఆక్సిజనో చెప్పడం కష్టం.

సాయంత్రం గాజాయన ఇంటికి బయలుదేరేముందు అమ్మాయి ఆ గీత చూపించింది. తను అనుకున్నదానికంటే వేగంగా చెదురుతున్నాయని, అణువు కొత్త సంగతేదో చెబుతోందని పొంగిపోయింది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే భార్య తువ్వాలు అందిస్తూ ఆగింది.

"రెండు ఆ చేతికీ ఒకటి ఈ చేతికీ. పంపకాల్లో తేడా వచ్చిందా?"

గాజాయన ఎడమచేయి చూసుకున్నాడు. మూడో బ్యాండు ఇంకా దానికే ఉంది. పొద్దున పెద్దసారు ఎవరో అతిథులను వెంటేసుకొచ్చాడు. వాళ్లు అడిగినవాటికి జవాబులు చెబుతూ చెబుతూ తను బుడ్డి మెడ మూసేశాడు. మరిచింది మూడోసారి గాలి లాగడమా, బ్యాండు మార్చడమా? ఎంత తవ్వినా గుర్తు రాలేదు.

కంచం ముందు కూర్చున్నాడు. నోరు కుట్టేసుకుంటే ఎవరికీ తెలియదు. రేపు మధ్యాహ్నానికి యంత్రం మీద అమ్మాయి వంతు అయిపోతుంది, మళ్లీ ఏడాదికి గానీ రాదు. చెబితే ఇవాళ్టి కొలతలన్నీ బూడిదలో పోసిన పన్నీరే. చెప్పకపోతే ఆరేళ్ల చదువు పిసరంత గాలి మీద నిలబడుతుంది.

"బ్యాండే మరిచుంటావులే," అంది భార్య.

"ఉండొచ్చు," అన్నాడు, లేచి ఫోను అందుకుంటూ.

"అమ్మాయ్, ఆ బుడ్డిని నమ్మకు."

అమ్మాయి ఇంకా యంత్రం దగ్గరే ఉంది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మరిచింది ఏది బాబాయ్?"

"అదే తెలియదు."

"బ్యాండే అయితే ఇది మంచి బుడ్డి. తీసేస్తే ఇవాళ్టి కొలతలు చేజేతులా పోగొట్టుకుంటాను."

"అవును."

పెద్దసారుకు తెలిస్తే ఏమంటాడని అడిగింది. అనవలసినదే అంటాడన్నాడు గాజాయన. పొద్దున ఆరింటికి వచ్చి ఇంకోటి చేస్తానన్నాడు.

"ఐదింటికి రండి," అని పెట్టేసింది. గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు.

మర్నాడు ఐదింటికి ఆయన బల్ల ముందు కూర్చున్నాడు. అమ్మాయి ఎర్రబడ్డ కళ్లతో పక్కన నిలబడింది. మూడు బ్యాండ్లూ తీసి ఆమె ఎడమచేతికి తొడిగాడు. గడ్డకట్టించాడు, గాలి లాగాడు, కరిగించాడు, ప్రతిసారీ ఆమె ఒక బ్యాండు కుడిచేతికి మార్చేదాకా ఆగాడు. మూడోది మారాక మంట వెలిగించి మెడ మూశాడు. చల్లారాక బుడ్డిని ఆమె చేతిలో పెట్టి, నిన్నటి బుడ్డి వెనక్కి వచ్చిందని చెప్పడానికి, ఇంకా తలుపు తీయని పెద్దసారు గది వైపు నడిచాడు.