దొరకలేదని చెప్పించిన సామాను

పోయిన ఏడాది వానలు వెనకపడుతున్న రోజుల్లో ఉస్తాద్ ఫోన్ చేశాడు. నాంపల్లి స్టేషను వెనక సందులో ఆయనకు కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. మా వారి పాత కారు ఎనిమిదేళ్లుగా అందులోనే పడి ఉంది. స్థలం ఓనరు నెల రోజుల్లో షెడ్డు ఖాళీ చేయమన్నాడనీ, కారు సంగతి ఏదో ఒకటి తేల్చుకోమనీ చెప్పాడట.

మా వారు ఫోన్ పక్కన పెట్టి వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "బాగు చేయించాల్నా, అమ్మాల్నా అని అడుగుతున్నడు. నువ్వేమంటవు?"

ఆ కారు గురించి ఆయన నన్ను సలహా అడగడం అదే మొదటిసారి. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. తల ఎత్తకుండానే, "ఆదివారం ఇద్దరం వెళ్లి చూసి చెబుదాం" అన్నాను. ఆయన వింతగా చూశారు. ఎనిమిదేళ్లలో నేను ఆ షెడ్డు గడప తొక్కలేదు మరి. కారు మాట వస్తేనే లేచి వెళ్లిపోయేదాన్ని. అది చిరాకు అనుకునేవారాయన. మొదట్లో చిరాకే. తర్వాత కాదు.

ఆ కారు సంగతి చెప్పాలంటే మా అత్తగారి సంగతి చెప్పాలి. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఆయనవాళ్లు తరాలుగా ఈ ఊరివాళ్లే. పెళ్లయిన కొత్తలో అత్తగారి మాట సగం నాకు అర్థమయ్యేది కాదు, నా మాట విని ఆవిడ నవ్వేది. అబిడ్స్‌లో మా అద్దె ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. ఆయన లక్డీకాపూల్‌లో ఆఫీసు గుమాస్తా, నేను బడిలో తెలుగు టీచర్ని.

అత్తగారికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మాట మాత్రం పోలేదు. ఆవిడకు మొజంజాహీ మార్కెట్లో సీతాఫలం ఐస్‌క్రీం అంటే ప్రాణం. మామగారు ఉన్నప్పుడు, కాయలు వచ్చిన నాటి నుంచి అయిపోయేదాకా వారం వారం వెళ్లేవారట. మంచాన పడ్డాక మా వారు డబ్బాలో తెచ్చిపెడితే రెండు చెంచాలు తిని పక్కకు నెట్టేసేది. "గాడ కూసొని తినాలె బిడ్డా. ఇంటికి తెస్తే అది నీళ్లే" అనేది.

ఆ ఏడే ఆయన ఆ కారు కొన్నారు. ఆఫీసులో రిటైరైన పెద్ద సారుది. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండే పాత మోడలు. ముందు సీటు మంచంలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. నడిచే స్థితిలో లేదు. నలుగురు తోసుకుంటూ ఉస్తాద్ షెడ్డులో పెట్టారు.

"అమ్మను నిమ్మళంగ ఎక్కిస్త. మార్కెట్ ముందట ఆపుత. కార్లనే కూసొని తింటది" అన్నారు.

"క్యాబులో అయితే ఈ రోజే తీసుకెళ్లొచ్చు కదండీ" అన్నాను.

"క్యాబోడు తొందర చేస్తడు. అమ్మ ఒక కాలు లోపల పెట్టేటాలకే హారన్ కొడ్తడు."

అదీ నిజమే. కానీ నాకు వినబడింది వేరు: ఇక ఆదివారాలు ఇంట్లో ఉండనని. ఆదివారం పొద్దున టిఫిన్ చేసి షెడ్డుకు పోయేవారు, సాయంత్రానికి గోళ్ల నిండా నల్లటి గ్రీజుతో, ముఖమంతా వెలుగుతో వచ్చేవారు. నేను ఆరు రోజులు బడిలో నిలబడి, ఏడో రోజు అత్తగారి పక్క బట్టలు మార్చి, ఒళ్లు తుడిచి, పక్కకు తిప్పి, అన్నం తినిపించి పడుకునేదాన్ని. మిగతా రోజుల్లో తెల్లారగట్ల లేచి ఆవిడ పనులన్నీ చేసేది ఆయనే, మేం బయటికెళ్లాక పనిమనిషి కనిపెట్టుకుని ఉండేది. ఆ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు నా కంటికి ఆదివారాలు తప్ప ఏమీ కనిపించలేదు.

ఏడాది తిరిగేసరికి కారు పని దాదాపు అయిపోయింది. గేరుబాక్సు లోపల ఒక పళ్ల చక్రం అరిగిపోయింది, అదొక్కటే దొరకాలి. కొత్తది తయారుచేయడం ఎప్పుడో ఆపేశారు. పాత కార్లు విడగొట్టి సామాన్లు అమ్మేవాళ్లందరికీ ఉస్తాద్ చెప్పి ఉంచాడు.

ఆషాఢంలో ఒకరోజు, నాకు బడి సెలవు. మా వారు ఫోన్ ఇంట్లో మరిచిపోయి ఆఫీసుకు వెళ్లారు. అది మోగితే నేనే ఎత్తాను.

"టీచరమ్మా, సార్‌కు జర చెప్పున్రి. గేరు దొరికింది! ఇగ ఒక్క నెల పని. బండి రోడ్డెక్కుతది" అన్నాడు ఉస్తాద్. గొంతులో సంతోషం ఆగడం లేదు.

ఆ పూట అత్తగారి పక్క మూడుసార్లు మార్చాను. ఒక్క నెల అంటే నాకు వినబడింది ఇంకో నాలుగు ఆదివారాలు. కారు వచ్చాక ఆవిడను ఎత్తి కూర్చోబెట్టడం, దించడం. అదీ నా మీదే పడుతుందనుకున్నాను. నోటినుంచి మాట దానంతట అదే వచ్చేసింది.

"ఆయనకు చెప్పకండి. ఇంకా దొరకలేదనండి."

"ఎందుకమ్మా?" అన్నాడు, అర్థంగాక.

"ఇంట్లో పెద్దావిడ మంచంలో ఉంది. ఆదివారమొక్కటైనా ఆయన ఇంటి పట్టున ఉండాలి. కొన్నాళ్లే. నేను చెప్పమన్నప్పుడు చెప్పండి."

పెద్దావిడ ఎట్లున్నదని అడిగాడు. తర్వాత, "మీరు చెప్తున్నరు కాబట్టి, సరే" అన్నాడు. నేను టీచరునన్న మర్యాద అతన్ని ఒప్పించింది.

ఆ ఆదివారం మా వారు ఇంట్లో ఉన్నారా అంటే, లేరు. గేరు చక్రం వెతకడానికి బయల్దేరారు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోట కార్ల రిపేరు పుస్తకం ఒకటి సంపాదించారు. అందులో ఆ చక్రం బొమ్మ ఉన్న పేజీని మడిచి జేబులో పెట్టుకొని, పాత ఇనుము అమ్మే సందులన్నీ తిరిగారు. ముందు సాయంత్రానికి వచ్చేవారు, ఇప్పుడు దీపాలు పెట్టాక వచ్చేవారు. గ్రీజు లేదు. ముఖంలో ఆ వెలుగూ లేదు.

అప్పుడే చెప్పి ఉంటే అయిపోయేది. చెప్పాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది కూడా. ఉస్తాద్ ఎన్ని వారాలుగా అబద్ధమాడుతున్నాడో తెలిస్తే వాళ్ల స్నేహం ఏమవుతుందోనని ఆగాను అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆయన నన్ను ఎలా చూస్తారో అన్న భయం.

మార్గశిరంలో అత్తగారు పోయారు. నిద్రలోనే.

పదో రోజు అయ్యాక మా వారు అరుగు మీద కూర్చొని, "క్యాబులనన్నా తీస్కపోవాల్సింది. నువ్వు చెప్పినవు, నేనే ఇనలే. నా మొండితనమే" అన్నారు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఏమీ అనలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ తద్దినం నాడు విస్తరి ముందు కూర్చొని ఆ మాట అనేవారు. ప్రతి ఏడూ నేను వడ్డిస్తూ వినేదాన్ని. చేసిన తప్పు కంటే, ఆ తప్పు తనదని ఆయన అనుకుంటుంటే ఊరుకోవడం ఎక్కువ తప్పు. ఇది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

షెడ్డుకు వెళ్లడం ఆయన మానేశారు. రెండేళ్ల కిందట కళ్లకు నీటికాసులు వచ్చాయి. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చేది కనిపించదు. బండి నడపొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. రోడ్డు దాటాలంటే నా చెయ్యి పట్టుకుంటారు.

అలా చెయ్యి పట్టుకొనే ఆ ఆదివారం షెడ్డుకు తీసుకెళ్లాను. ఉస్తాద్ టార్పాలిన్ లాగాడు. లోపల నుంచి మగ్గిన వాసన వచ్చింది. మా వారు బానెటు మీద అరచేయి పెట్టి కొసదాకా నిమిరారు. ఉస్తాద్ తలుపు తీసి కింద చూపించాడు. కాళ్లు పెట్టుకునే చోట రేకు పోయి నేల కనిపిస్తోంది.

"షెడ్డు పైన రేకులు కారినయ్, సార్. ఇన్ని వానాకాలాలు. ఇంజన్ పట్టేసింది. అప్పుడైతే నెల పని. ఇప్పుడు బాడీ అంత కొత్తగ చేయాలె. ఏడాది అయితదో, ఎక్కువే అయితదో."

"అప్పుడు గేరు దొరకకపాయె కదా" అన్నారు మా వారు.

ఉస్తాద్ వంగి టైరు నొక్కి చూడసాగాడు. నేను గోడ మీద మేకుకు వేలాడుతున్న బెల్టుల వైపు చూశాను.

"అమ్మెయ్యి ఉస్తాద్. ఎవలన్న అడిగితే ఇచ్చెయ్" అన్నారు ఆయన.

"వద్దు. బాగు చేయిద్దాం. ఖర్చు నేను పెట్టుకుంటాను" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

ఆయన మొహం పూర్తిగా నా వైపు తిప్పారు. ఇప్పుడు ఆయన చూడాలంటే అలాగే తిప్పాలి. "నీకెందుకే ఇంత పట్టు? నడిపేటోడు లేడు, ఎక్కేటామె లేదు."

నేను టార్పాలిన్ కొస పట్టుకొని కారు మీదికి లాగాను.

తిరిగి వస్తూ, మార్కెట్ దిక్కు నుంచి పోదామన్నారు. ఐస్‌క్రీం కొట్ల ముందు కుర్చీలో కూర్చున్నాం. జనం ఉన్నారు. ఏం కావాలని అడిగిన మనిషికి, కాసేపాగి చెబుతామన్నాను. మా వారు కొట్టు లోపలికి చూస్తూ, "క్యాబుల తెస్తే అయిపోతుండె. నా మొండి..." అన్నారు.

"మీది కాదు" అన్నాను.

మొత్తం చెప్పాను. ఫోన్ సంగతి, నేనన్న మాట, ఉస్తాద్ ఒప్పుకోవడం. నా కష్టం గురించి కూడా మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. వింటుంటే బేరమాడుతున్నట్టు ఉంది.

ఆయన అరవలేదు. "ఎన్నడు దొరికింది?" అని అడిగారు.

"ఆషాఢంలో."

పెదవులు కదులుతున్నాయి. నెలలు కలుపుకుంటున్నారు. "మరి సీతాఫలాల టైముకు బండి తయారైతుండె" అన్నారు.

"అయ్యేది."

"అమ్మకు ఎరుకనా?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఇన్నేళ్లు నన్ను నేను కూడా అడగలేదు. ఫోన్ మాట్లాడినప్పుడు అత్తగారి గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆవిడ మేలుకునే ఉంది. అంతకుముందు రోజూ, "బండి ఎంతవరకొచ్చింది బిడ్డా" అని నన్నూ అడిగేది. ఆ రోజు తర్వాత నా ముందు కారు మాట ఎత్తలేదు. విని ఊరుకుందో, ఒంట్లో ఓపిక తగ్గి మరిచిపోయిందో.

అదే చెప్పాను. ఆవిడకు తెలియదని ఒక్కమాటలో తప్పించుకోవచ్చు. ఇంకో అబద్ధం ఆడే శక్తి లేకపోయింది.

ఆయన లేచారు. రోడ్డు దాటేటప్పుడు నేను చెయ్యి చాపాను. కొట్లో సామాను మోసే మనిషి ఒకతను దాటుతుంటే అతని వెనకే దాటారు.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. తిట్టినా బాగుండు అనుకున్నాను. మూడో రోజు అన్నం తింటూ, "ఆదివారం ఇంట్ల ఉండుమని నాతోని అనొచ్చు గద. కోపం చేస్తుంటి. రెండు దినాలు. గంతే గద" అన్నారు.

నిజమే. అప్పట్లో ఒక్కసారి కూడా అడగలేదు. అడగకుండానే ఆయనకు తెలియాలనుకున్నాను.

"ఇప్పుడైనా బాగు చేయిద్దామండీ" అన్నాను.

"నా కోసం కాదు అది. నీ మనసు తేలికయ్యేటందుకు చేపిస్తనంటున్నవు. నాకొద్దు. అమ్మేద్దాం."

చేయి కడుక్కోవడానికి లేచారు. 

అదే మోడలు కారు బాగుచేసుకుంటున్న ఒక పెద్దమనిషి, తలుపులూ అద్దాలూ ముందు సీటూ పనికొస్తాయని మొత్తం కొనుక్కున్నాడు. తీసుకెళ్లే రోజు నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. వెళ్లి సందు మొదట్లో నిలబడ్డాను. బండిని తాళ్లు కట్టి లారీ మీదికి లాగుతున్నారు. ఉస్తాద్ లోపలికి పోయి, నూనె గుడ్డలో చుట్టిన వస్తువు తెచ్చి మా వారి చేతిలో పెట్టాడు. తల వంచుకొని నిలబడ్డాడు. ఆయన గుడ్డ విప్పి, చక్రాన్ని కళ్ల ఎదురుగా పెట్టుకొని, ఒక్కొక్క పన్నునూ వేలితో తడిమారు. తుప్పు లేదు. ఉస్తాద్ ఏడాదికోసారి నూనె మారుస్తూ వచ్చాడట.

కొన్నాయన చేతికి ఇస్తూ, "ఇది గూడ తీస్కపో. ఎవ్వరు వాడలే" అన్నారు మా వారు.

తర్వాత ఒకరోజు ఉస్తాద్ దారిలో కలిశాడు. "సార్ నన్నొక్క మాట గూడ అనలే, టీచరమ్మా. మిమ్ములనేమన్న తిట్టిండా?" అని అడిగాడు. తిట్టలేదని తల అడ్డంగా ఊపాను. ఇద్దరం దొంగల్లా ఎటువాళ్లం అటు వెళ్లిపోయాం.

షెడ్డు పోయాక ఉస్తాద్ గన్‌ఫౌండ్రీ దగ్గర ఇంకొకరి దుకాణంలో పనికి కుదిరాడు. మా వారు అక్కడికి పోయి చాయ్ తాగి వస్తున్నారు. కళ్ల పరీక్షకు కూడా రెండుసార్లు అతన్నే తోడు తీసుకెళ్లారు. 

పోయిన నెల పరీక్ష రోజు చెప్పులు వేసుకుంటూ, "ఉస్తాద్‌కు పని ఉన్నదట. నువ్వొస్తవా?" అన్నారు. బడికి సెలవు పెట్టి వెళ్లాను. ఆటోలో ఇద్దరి మధ్య రిపోర్టుల ఫైలు పెట్టుకొని కూర్చున్నారు. పేరు పిలిచినప్పుడు నేను లేవబోతే, అక్కర్లేదని చేత్తో ఆపి, గోడ తడుముకుంటూ ఒక్కరే లోపలికి వెళ్లారు. అరగంటకు వచ్చి నా పక్కన కూర్చున్నారు. కుడి కన్ను ఇంకొంచెం తగ్గిందనీ, డాక్టరమ్మ మందు మార్చిందనీ, ఆపరేషను మాట కూడా ఎత్తిందనీ, లోపల విన్నవన్నీ వరసగా చెప్పారు, నాకు భయం కలిగించేవి కూడా దాచకుండా.